ఆటగాడు, ఆచార్యుడు: లెన్నీ విల్కెన్స్

పాడగలవారందరును పాఠము చెప్పలేరన్న సంగతి సంగీతాభిమానులైన మన శ్రోతలకు క్రొత్తగా చెప్పవలసినది కాదు. కచేరీలో సభను ఉఱ్ఱూతలూగించిన విద్వాంసుడు ఇంటివద్ద శిష్యుని ఎదుట కూర్చుండబెట్టుకొని వర్ణము చెప్పబోయి, శిష్యుడు రెండవసారి తప్పగానే విసుగుచెంది లేచిపోవుట మనలో పలువురు ఎరిగినదే. తనకు పుట్టుకతో వచ్చినది ఎదుటివానికి ఏల రాదో ఆయనకు బోధపడదు. మరొకవైపున, సభలలో అంతగా పేరులేని గాయకుడొకడు వీధి అరుగుమీద కూర్చుండియే పదిమంది శిష్యులను తీర్చిదిద్దుచుండును. క్రీడారంగమునందును ఇదే వింత కనబడుచున్నది.

అమెరికాలోని బాస్కెట్‌బాల్ చరిత్ర చూచినచో ఈ సంగతి మరింత స్పష్టమగును. విల్ట్ చేంబర్లెన్ 1962లో ఒక్క ఆటలోనే 100 పాయింట్లు సాధించిన మహాబలశాలి. ఆయన 1973లో శాన్ డియాగో జట్టునకు శిక్షకుడుగా కుదిరి, ఒక్క సంవత్సరముతోనే ఆ పనికి స్వస్తి చెప్పెను. బంతితో మాయలు చేయువాడని 'మాజిక్' అను బిరుదు పొందిన జాన్సన్ 1994లో తన పాత జట్టగు లాస్ ఏంజెలిస్ లేకర్స్‌ను 16 ఆటలపాటు నడిపి, అందులో 11 ఓడి, ఆ పీఠమును విడిచివెళ్లెను. వీరు ఆట తెలియనివారా? కానే కారు. తెలిసినదానిని మరొకరిచేత చేయించుట వేరొక విద్య.

ఆ రెండు విద్యలును ఒక్క మనిషియందు కుదురుట అరుదు. నేడు మేము ముచ్చటింపబోవు లెన్నీ విల్కెన్స్ అట్టి అరుదైనవారిలో ఒకడు. ఆయన 15 సంవత్సరములు ఆటగాడుగను, 32 సంవత్సరములు శిక్షకుడుగను అమెరికాలోని అగ్రశ్రేణి సంఘమగు ఎన్.బి.ఎ.లో మెలగెను. అందులో నాలుగేండ్లు ఈ రెండు పనులును ఏకకాలముననే చేసెను. 1996లో ఆ సంఘము తన స్వర్ణోత్సవ సందర్భమున 50 మంది ఉత్తమ క్రీడాకారులను, పదిమంది ఉత్తమ శిక్షకులను ఎంచి రెండు పట్టికలను ప్రకటించినప్పుడు, రెండింటిలోను కానవచ్చిన పేరు ఒక్క విల్కెన్స్‌దే. ఇంతటి ఘనుడు పొడవరి కాడు, బలశాలి కాడు, నోరు పెద్దచేసి మాటలాడువాడును కాడు. మరి ఆయనకిది ఎట్లు సాధ్యమయ్యెను?

దీనిని తెలిసికొనవలెనన్నచో ఆటను గూర్చి రెండు మాటలు చెప్పుకొనవలెను. 1891లో మసాచుసెట్స్ రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున జేమ్స్ నైస్మిత్ అను వ్యాయామోపాధ్యాయుడు, చలికాలమున విద్యార్థులు ఇంటిలోపలనే ఆడుకొనుటకు వీలుగా, పండ్ల బుట్టలు రెంటిని ఎత్తున కట్టించి ఈ ఆటను కల్పించెను. అది వై.యం.సి.ఎ. వారి పాఠశాల. ఆ సంస్థవారి మూలముననే ఈ ఆట మన దేశమునకును వచ్చినది. 1920లో మద్రాసున వెలసిన వై.యం.సి.ఎ. వ్యాయామ కళాశాల వంటి చోట్ల చదివివచ్చిన డ్రిల్లు మాస్టర్లు మన ఉన్నత పాఠశాలల ఆవరణలలో రెండు స్తంభములు నాటించి ఇనుప వలయములు బిగింపించిన దృశ్యము పెద్దలకు జ్ఞాపకముండును. వలయము నేలనుండి 10 అడుగుల ఎత్తున ఉండును. ఒక్కొక్క పక్షమున ఐదుగురు. ఎన్.బి.ఎ.లో బంతి చేతికి వచ్చిన 24 సెకండ్లలోగా దానిని బుట్టవైపు వేయవలెను.

ఆ ఐదుగురిలో బంతిని వెంటబెట్టుకొని వచ్చి, ఎవరికి ఎప్పుడు అందించవలెనో నిర్ణయించువానిని పాయింట్ గార్డు అందురు. పంక్తి భోజనమున వడ్డనచేయువానితో అతనిని పోల్చవచ్చును. వడ్డించువాని దృష్టి తన ఆకలిమీద ఉండదు. ఏ విస్తరిలో ఏది అడుగంటినది, ఎవరు మొగమాటమున అడుగకున్నారు, ఎవరికి రెండవమారు పెట్టరాదు అనుదానిమీద ఉండును. విల్కెన్స్ అట్టి గార్డు. ఎత్తు 6 అడుగుల 1 అంగుళము. దీర్ఘకాయుల ఆటయగు బాస్కెట్‌బాల్‌లో ఇది చిన్న ఎత్తే. ఎడమచేతివాటము. ఎడమప్రక్కకే చొచ్చుకొనిపోవునని ప్రత్యర్థులందరకు తెలిసియు ఆపలేకపోయెడివారు. ఆయన ఆటనుండి విరమించునాటికి 7,211 పర్యాయములు అతడు అందించిన బంతి తోటి ఆటగాని చేతిమీదుగా పాయింట్లుగా మారినది. ఆనాటికి ఈ లెక్కలో అతనిని మించినవాడు ఆస్కార్ రాబర్ట్‌సన్ ఒక్కడే.

లెన్నీ విల్కెన్స్ 1937 అక్టోబరు 28న న్యూయార్కు నగరమందలి బ్రూక్లిన్‌లో జన్మించెను. తండ్రి నీగ్రోజాతివాడని ఆనాటి పత్రికలు వ్రాసెడివి; నేడు ఆఫ్రికన్-అమెరికన్ అనుట మర్యాద. తల్లి ఐరిష్ వంశస్థురాలు. బాలునికి ఐదేండ్లప్పుడు తండ్రి మరణించెను. తల్లి మిఠాయి కర్మాగారమున పనిచేసి పిల్లలను పోషించెను. ఇంటికి పెద్దదిక్కు లేని ఆ బాలుని ఒక కంట కనిపెట్టినవాడు థామస్ మానియన్ అను కాథలిక్ మతగురువు.  పిల్లవానియందేదో కలదని గ్రహించినవాడు.

శ్రోతలు ఆశ్చర్యపడుదురుగాక, ఈ భావి క్రీడాకారుడు ఉన్నత పాఠశాలలో తన చివరి సంవత్సరమున సగము కాలము మాత్రమే పాఠశాల జట్టులో ఆడెను. అదియు తోటి విద్యార్థి టామీ డేవిస్ బలవంతముమీదనే. ఈ టామీ డేవిస్ తరువాత బేస్‌బాల్ ఆటలో ప్రఖ్యాతుడయ్యెను. సగము సంవత్సరము ఆడినవానిని ఏ కళాశాలవారు పిలుతురు? ఫాదర్ మానియన్ రోడ్ ఐలండ్ రాష్ట్రమందలి ప్రావిడెన్స్ కళాశాలకు ఉత్తరము వ్రాసెను. ఆ ఉత్తరమువలన విద్యార్థి వేతనము లభించినది. అది లేకున్న మన కథ బ్రూక్లిన్ వీధులలోనే ముగిసియుండెడిది. గొప్పవారి జీవితములలో ఇట్టి ఉత్తరములు ఒకటి రెండు తప్పక యుండును. వ్రాసినవారి పేర్లుమాత్రము మరుగున పడిపోవును.

ప్రావిడెన్స్‌లో ఆయన అర్థశాస్త్రము చదివెను. 1960లో న్యూయార్కున జరిగిన జాతీయ ఆహ్వాన పోటీలలో ఆ కళాశాల జట్టు అంతిమపోటీవరకు వచ్చి ఓడినది. అయినను పోటీలన్నింటికి ఉత్తమ క్రీడాకారుడుగా ఓడిన జట్టువాడగు విల్కెన్స్‌నే ఎన్నుకొనిరి. ఆ సంవత్సరము రోమ్ నగరమున ఒలింపిక్ క్రీడలు. అమెరికా జట్టులో తనకు చోటు దొరకునని ఆయన ఆశించెను, దొరకలేదు. ఈ విషయమును శ్రోతలు గుర్తుంచుకొనవలెనని మా మనవి.

ఆ ఏడే సెయింట్ లూయిస్ హాక్స్ అను వృత్తిజట్టు ఆయనను ఎంచుకొనెను. ఆట సాగినంతసేపు ఆ నగరము చప్పట్లు కొట్టెను; ఆట ముగిసినపిమ్మట భోజనశాలలలో ఆయనకు వడ్డించుటకు నిరాకరించెను. ఆయన ఒక శ్వేతజాతీయుల పేటలో ఇల్లు కొనగా, చుట్టుప్రక్కలవారు తమ ఇండ్లను అమ్మకమునకు పెట్టిరి. మైదానమున బంతి నందుకొను చేతులకును, వీధిలో తలుపు మూసికొను చేతులకును మధ్య ఇంతటి అంతరము ఆ దేశమున ఆనాడుండెను. అంటరానితనమును కన్నులార చూచిన మన దేశమువారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. విల్కెన్స్ దీనికి కేకలువేసి బదులు చెప్పలేదు, తలవంచనూ లేదు. ఆ ఇంటనే ఉండెను.

మధ్యలో సైన్యమున లెఫ్టినెంటుగా పనిచేసి, 1961-62 సంవత్సరమున 20 ఆటలు మాత్రమే ఆడగలిగెను. తరువాత ఏటేట ఆయన ఆట పదునెక్కుచు వచ్చెను. 1967-68లో ఆ సంఘపు సర్వోత్తమ క్రీడాకారుని ఎన్నికలో చేంబర్లెన్ తరువాత రెండవ స్థానము ఆయనదే. అయినను, జీతము విషయమున జట్టు యాజమాన్యముతో పొసగక, 1968లో ఆయన సియాటిల్ జట్టునకు మారవలసివచ్చెను.

సియాటిల్ అనగానే మన శ్రోతలలో కొందరి ముఖములు వికసించుట సహజము. అమెరికా పశ్చిమోత్తర మూలనున్న ఆ నగర పరిసరములలో నేడు వేలకొలది తెలుగు కుటుంబములు నివసించుచున్నవి; కంప్యూటరు కొలువులలోనున్న కుమారుల యొద్దకు, కుమార్తెల యొద్దకు ఆరేసి నెలలు వెళ్లివచ్చు తలిదండ్రులు మన ప్రతి పట్టణమునను ఉన్నారు. విల్కెన్స్ వెళ్లునాటికి అది అంత పేరుపడిన నగరము కాదు. 'సూపర్‌సానిక్స్' అను ఆ జట్టు పుట్టి ఒక్క ఏడే అయినది. ఓటములే దానికి అలవాటు. 1969లో జట్టు నిర్వాహకుడు విల్కెన్స్‌ను పిలిచి, ఆడుచునే శిక్షకుడుగా ఉండుమని కోరెను. అప్పటికాయన వయస్సు 31. ఎన్.బి.ఎ.లో ఒక ఆఫ్రికన్-అమెరికన్ ఆ పదవిని పొందుట అది రెండవసారి; మొదటివాడు 1966లో బోస్టన్ జట్టును చేపట్టిన బిల్ రస్సెల్.

ఆటగాడే శిక్షకుడగుట ఎంతటి చిక్కో ఆలోచింపుడు. బల్లమీద కూర్చుండి చూచువానికి కోర్టు అంతయు కనబడును. కోర్టులో పరుగెత్తువానికి తన మీదికి వచ్చుచున్నవాడే ముందు కనబడును. అలసిన ఆటగానిని వెలుపలికి పిలువవలసినవాడు తానే అలసియున్నప్పుడు ఎవరు పిలుతురు? తన తప్పును ఎవరు దిద్దుదురు? నాటకమున వేషము కట్టినవాడే తెరవెనుక ఉండి పద్యమందించుట వంటిది ఈ పని. అయినను ఆ మొదటి ఏటనే బంతి అందించుటలో ఆయన సంఘమంతటికి ప్రథముడుగా నిలిచెను. 1971లో మేటి క్రీడాకారుల ప్రదర్శన పోటీలో ఉత్తముడుగా ఎన్నికయ్యెను. జట్టు సంగతియా? 82 ఆటలలో మొదటి ఏట 36, రెండవ ఏట 38, మూడవ ఏట 47 గెలుపులు. ఓటములకంటె గెలుపులు హెచ్చుగా ఉండుట ఆ జట్టు చరిత్రలో అదియే ప్రథమము.

ఇంత చేసినవానికి దక్కిన ఫలితము విచిత్రమైనది. ఆటయో, శిక్షణయో, రెంటిలో ఒకటి ఎంచుకొనుమని యాజమాన్యము కోరగా ఆయన ఆటను ఎంచుకొనెను. వెంటనే 1972లో ఆయనను క్లీవ్‌లాండ్ జట్టునకు మార్చివేసిరి. క్లీవ్‌లాండ్ దుస్తులతో ఆయన సియాటిల్‌కు మొదటిసారి ఆడవచ్చిన రాత్రి, ప్రేక్షకులు లేచి నిలిచి ఆయనకు జేజేలు పలికిరి. ఆ ఏడు సియాటిల్ జట్టు గెలిచినవి 26 ఆటలే.

తరువాత రెండేండ్లు పోర్ట్‌లాండ్ జట్టునకు ఆయన శిక్షకుడు. అందులో మొదటి ఏట ఆటగాడుగను ఆడి ఆ ఘట్టమునకు ముగింపు పలికెను. ఆ రెండేండ్లును గెలుపులకంటె ఓటములే ఎక్కువ. జట్టులోని మహాబలుడు బిల్ వాల్టన్ తరచు గాయపడుచుండెను. 1976లో విల్కెన్స్‌ను తొలగించిరి. మరుసటి ఏడే, మరొక శిక్షకుని క్రింద, ఆరోగ్యము కుదుటపడిన వాల్టన్‌తో ఆ జట్టు దేశవిజేత అయ్యెను! వండి వార్చినవాడొకడు, విస్తరిముందు కూర్చున్నవాడు మరొకడు అను సామెత మాకిక్కడ తోచినను, దానిని పూర్తిగా ఒప్పుకొనము. పోర్ట్‌లాండ్‌లో ఆయన ఇంకను నేర్చుకొనుచున్న శిక్షకుడే. ఆటగానిగా తాను చూచినదంతయు ఇతరులకును కనబడునని తలచుట మొదటి మెట్టు. కనబడదని తెలిసికొనుట రెండవ మెట్టు. ఈ రెండవ మెట్టు ఎక్కుటకు ఆయనకు తెల్లచొక్కా వేసికొని బల్లమీద కూర్చుండిన కాలము అవసరమయ్యెనని మా ఊహ.

ఇక అసలు ఘట్టమునకు వత్తము. 1977లో ఆయన సియాటిల్ జట్టు కార్యాలయమున ఆటగాండ్ర ఎంపికను చూచు ఉద్యోగమున ఉండెను. ఆ శరత్తున జట్టు ఆడిన మొదటి 22 ఆటలలో గెలిచినవి 5. నవంబరు మాసాంతమున శిక్షకుని తొలగించి, విల్కెన్స్‌ను మరల ఆ పీఠమున కూర్చుండబెట్టిరి. ఆయన క్రొత్త ఆటగాండ్రను తెప్పింపలేదు. ఉన్నవారినే స్థానములు మార్చెను. మొదట దింపు ఐదుగురిలో గస్ విలియమ్స్, డెన్నిస్ జాన్సన్ అను యువకులిద్దరను గార్డులుగా నిలిపెను. అప్పుడే కళాశాలనుండి వచ్చిన జాక్ సిక్మాను, జాన్ జాన్సన్‌ను ముందునకు తెచ్చెను. దూరమునుండి గురితప్పక వేయు ఫ్రెడ్ బ్రౌన్‌ను, అనుభవజ్ఞుడగు పాల్ సైలస్‌ను ఆట నడుమ దింపుటకై బల్లమీద ఉంచెను. పేరుపడినవానిని బల్లమీద కూర్చుండుమని చెప్పి, అతడు అలుగకుండ చూచుట ఎంత కష్టమో ఉమ్మడి కుటుంబమును నడిపిన యజమానులకు తెలియును.

ఫలితము? తరువాతి 12 ఆటలలో 11 గెలుపులు. ఆయన చేపట్టినది మొదలు ఆ సంవత్సరాంతమువరకు 60 ఆటలలో 42 గెలిచి, అట్టడుగుననున్న ఆ జట్టు అంతిమపోటీకి చేరినది. అక్కడ వాషింగ్టన్ బుల్లెట్స్‌తో ఏడు ఆటలు. మూడు మూడుగా సమానమై, ఏడవ ఆట సియాటిల్‌లోనే జరిగినది. నగరమంతయు ఊపిరి బిగబట్టినది. ఆ రాత్రి డెన్నిస్ జాన్సన్ బుట్టవైపు 14 సారులు బంతి వేసెను. 14 సారులును తప్పెను. జట్టు 99-105తో ఓడెను.

శ్రోతలారా, ఒక్క నిమిషము ఆ యువకుని స్థితిని తలంపుడు. 23 ఏండ్లవాడు. తన జట్టు అభిమానులయెదుట, దేశమంతయు చూచుచుండగా, పదునాలుగింటిలో ఒక్కటియు పడలేదు. ఆ స్థానమున మరొకరిని తెచ్చుట యాజమాన్యమునకు కష్టమైన పనియు కాదు. విల్కెన్స్ మరుసటి ఏట కూడ అతనినే మొదటి ఐదుగురిలో నిలిపెను. సెంటర్‌గా ఆడిన మార్విన్ వెబ్‌స్టర్ న్యూయార్కు జట్టునకు వెళ్లిపోగా సిక్మాను ఆ చోటికి మార్చెను. వెబ్‌స్టర్‌కు బదులుగా దొరికిన లోనీ షెల్టన్‌ను ముందువరుసలో నిలిపెను. మిక్కిలి పెద్దచేర్పులు లేవు. 1979లో మరల అదే వాషింగ్టన్ జట్టు ఎదురు వచ్చినది. మొదటి ఆట రెండు పాయింట్ల తేడాతో పోయినది. తరువాత నాలుగు ఆటలు వరుసగా సియాటిల్‌వే. జూన్ 1వ తేదీన 97-93తో చివరి ఆట గెలిచి దేశవిజేతలైరి. ఆ అంతిమపోటీలకు ఉత్తమ క్రీడాకారుడు ఎవరనుకొన్నారు? డెన్నిస్ జాన్సన్.

విల్కెన్స్ గురుత్వమంతయు ఈ ఒక్క ఉదంతమున కలదని మా అభిప్రాయము. బంతి నందించువాడు ఒకసారి తప్పినవానికి మరల అందించునా, మానునా అన్నది ఆట నడుమ ప్రతి నిమిషమును వచ్చు ప్రశ్న. మంచి గార్డు, తప్పినది చేయియా, మనస్సా అని చూచును. చేయి మాత్రమే తప్పినచో మరల అందించును. విల్కెన్స్ ఆటగానిగా పదునైదేండ్లు చేసిన ఈ నిర్ణయమునే శిక్షకుడుగా ఒక సంవత్సర కాలమునకు విస్తరింపజేసి చేసెను. చేంబర్లెన్ బలము చేంబర్లెన్ దేహముననే ఉండెను. దానిని మరొకరికి ఈయలేడు. విల్కెన్స్‌కున్న విద్య మొదటినుండియు ఇతరులను గూర్చినదే. అందుచేతనే అది ఆయనతోపాటు కోర్టునుండి బల్లమీదికి నడచివచ్చెను.

అన్ని వేళలను ఇది ఫలించినదనుట సత్యము కాదు. ఆ డెన్నిస్ జాన్సన్‌తోనే కొలదికాలమునకు ఆయనకు పొసగకపోయెను. 1980లో అతనిని ఫీనిక్స్ జట్టునకు మార్చిరి. గురుశిష్యుల కథలన్నియు పురాణములలోవలె ముగియవు. ఆ పిమ్మట సియాటిల్‌లో విల్కెన్స్ మరల దేశవిజేత కాలేదు. 1985 వరకు అక్కడ ఉండెను.

తరువాత క్లీవ్‌లాండ్. 1985-86లో 29 ఆటలు మాత్రమే గెలిచిన జట్టును ఆయన చేపట్టి, మూడవ ఏటికి 57 గెలుపులకు తెచ్చెను. మార్క్ ప్రైస్ అను కురచ గార్డును తీర్చిదిద్దినది అక్కడనే. అతని ఆటలో తన యౌవనమును చూచికొనెనేమో! కాని 1989 మే 7న చికాగో జట్టుతో నిర్ణాయకమైన ఆటలో ఒక్క పాయింటు ఆధిక్యమున ఉండగా, చివరి మూడు సెకండ్లలో మైకేల్ జోర్డన్ గాలిలోకి లేచి వేసిన బంతి బుట్టలో పడినది. 101-100. ఎంతటి శిక్షకుడైనను అట్టి ఆటగానికి అడ్డుచెప్పగల మంత్రము లేదు. విల్కెన్స్ ఉన్నంతకాలము ఆ చికాగో గోడను క్లీవ్‌లాండ్ దాటలేకపోయినది.

1993లో అట్లాంటా జట్టును చేపట్టి, మొదటి ఏటనే 57 గెలుపులతో ఆ సంవత్సరపు ఉత్తమ శిక్షకుడుగా ఎన్నికయ్యెను. 1995 జనవరి 6న ఆయన 939వ గెలుపు సాధించెను. అంతకుముందు 938 గెలుపులతో సుమారు మూడు దశాబ్దములు ప్రథముడుగా నిలిచినవాడు బోస్టన్ జట్టు శిక్షకుడు రెడ్ ఆవర్‌బాక్. గెలుపు ఖాయమైన వెంటనే బల్లమీదనే చుట్ట వెలిగించుట ఆవర్‌బాక్ అలవాటు. ఆ రాత్రి విల్కెన్స్ కూడ ఒక చుట్ట వెలిగించెను. అది దర్పము కాదు, పూర్వునికి నమస్కారము. 1996 మార్చిలో 1000వ గెలుపు. ఆ సంఖ్యను అందుకొన్నవారిలో ఆయనయే ప్రథముడు.

ఆ సంవత్సరమే అట్లాంటాలో ఒలింపిక్ క్రీడలు జరిగినవి. అమెరికా జట్టునకు ప్రధాన శిక్షకుడు విల్కెన్స్; జట్టునకు స్వర్ణపతకము. నాలుగేండ్లకు ముందు బార్సిలోనాలో 'స్వప్నజట్టు' అని లోకము కీర్తించిన జట్టునకును ఆయన సహాయ శిక్షకుడు. 1960లో రోమ్ జట్టునందు చోటు దొరకని యువకుని సంగతి గుర్తుంచుకొనుడని శ్రోతలను కోరితిమి గదా. 36 ఏండ్లు ఆ తలుపువద్ద వేచినట్లయినది.

టొరాంటోలో, న్యూయార్కులో గడచిన చివరి సంవత్సరములను గూర్చి విస్తరింప నక్కరలేదు. 2005 జనవరిలో న్యూయార్కు జట్టునుండి తప్పుకొనునాటికి ఆయన ఖాతాలో 1,332 గెలుపులు. ఈ సంఖ్యను 2010లో డాన్ నెల్సన్ దాటెను. కాని విల్కెన్స్ పేర మరొక సంఖ్య కలదు. దానిని గౌరవ పత్రములలో ఎవరును పెద్ద అక్షరములతో వ్రాయరు. 1,155 ఓటములు. ఆ సంఘములో ఇన్ని ఆటలు ఓడిన శిక్షకుడు మరొకడు లేడు.

కొందరు విమర్శకులు దీనినెత్తిచూపి, 32 ఏండ్లలో ఒక్కసారి మాత్రమే దేశవిజేత అయినవానిని ఉత్తముడనుట ఎట్లని ప్రశ్నించిరి. ఆవర్‌బాక్‌కు తొమ్మిది, ఫిల్ జాక్సన్‌కు పదునొకండు విజయములు కలవు గదా అని వారి వాదము. అందులో కొంత న్యాయము లేకపోలేదు. అయితే ఆవర్‌బాక్ చెంత రస్సెల్, జాక్సన్ చెంత జోర్డన్ ఉండిరి. విల్కెన్స్ చేతికి తరచు వచ్చినవి ఇతరులు విడిచిన, కూలిన, ఇంకను నిలువని జట్లు. ఓడిన జట్టును నమ్మి అప్పగించుటకు యజమానులు మరల మరల ఆయన తలుపే తట్టిరి. ఓటములు హెచ్చుట కొంతవరకు ఈ నమ్మకమునకు వడ్డీ వంటిది. పట్టికలలో గెలుపులనే చూచువారికి వైద్యుని ఇంటికి వచ్చు రోగుల సంఖ్య తెలియదు.

బాస్కెట్‌బాల్ కీర్తిమందిరమున ఆయన పేరు 1989లో ఆటగానిగను, 1998లో శిక్షకునిగను చేరెను. 2010లో స్వప్నజట్టుతోపాటు మూడవసారి. ఆటగానిగను, శిక్షకునిగను వేర్వేరుగా ఆ గౌరవము పొందినవారిలో ఆయనకు ముందున్నవాడు జాన్ వుడెన్ ఒక్కడే. బిల్ షార్మన్, టామ్ హైన్‌సన్, బిల్ రస్సెల్ తరువాత ఆ వరుసలో చేరిరి. రస్సెల్‌కు ఆ రెండవ గౌరవము 2021లో గాని రాలేదు. ఆయన 1968, 1969 సంవత్సరములలో తానాడుచునే బోస్టన్ జట్టును రెండుసార్లు విజేతను చేసినవాడు! సంఘములవారి తూనికలు ఎప్పుడును ఇట్లే ఉండును.

విల్కెన్స్ సియాటిల్ పరిసరములందే స్థిరపడెను. తన పేర నెలకొల్పిన సంస్థ ద్వారా ఆ నగరమున పేదపిల్లలకు చికిత్సచేయు ఒడెస్సా బ్రౌన్ వైద్యశాలకు దశాబ్దములపాటు ధనము కూర్చెను. ఆయన విజేతను చేసిన జట్టుమాత్రము ఆ నగరమున నిలువలేదు. 2008లో దానిని ఓక్లహామా నగరమునకు తరలించుకొనిపోయిరి. 1979 నాటి పతాకమే ఆ జట్టు సియాటిల్‌కు మిగిల్చిపోయిన ఏకైక విజయచిహ్నము.

ఆ జట్టు పూర్వము ఆడిన క్రీడాశాల స్థలముననే, పాత కప్పును అట్లే నిలిపి క్రింద క్రొత్తగా నిర్మించిన క్రీడామందిరము ఉన్నది. దాని ప్రక్కనున్న వీధికి 2021లో ఆయన పేరు పెట్టిరి. 2025 జూన్ మాసమున మందిరము వెలుపల ఆయన విగ్రహమును ఆవిష్కరించిరి. 87 ఏండ్ల విల్కెన్స్ ఆ సభకు స్వయముగా హాజరయ్యెను. నవంబరు 9న ఆయన కన్నుమూసెను.